బెత్తం, బస్సు ట్రిప్పు, బ్రిటన్ బడి: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఎవరో “ఇంగ్లండ్‌లో మీ చిన్నప్పటి స్కూలు ఎలా ఉండేది మేడమ్” అని అడిగితే నాలుగు లైన్లు రాసి వదిలేశాను. నాన్న డాక్టరుగా లాంకషైర్‌లో ఒక హాస్పిటల్‌లో చేరడం, డెబ్బైల్లో నేను అక్కడి బడిలో చదవడం, హెడ్మాస్టర్ రూమ్ బయట దెబ్బల కోసం లైన్లో నిలబడ్డ మగపిల్లలు, సముద్రం మీద స్కూల్ ట్రిప్పులు, అంతే. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా, వంటింటి ప్రశ్నలు పంపినవాళ్ళు ఏమనుకోవద్దు, వచ్చే నెల చూస్తా.

అమ్మా, ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. తెల్లదొరల బడుల్లో కూడా బెత్తం ఉండేదంటే నమ్మబుద్ధి కావట్లేదు. మేమేదో అనాగరికులం, వాళ్ళు పిల్లల్ని పువ్వుల్లో పెట్టి చూస్తారు అని కదా మాకు చెప్పింది. నిజంగా కొట్టేవాళ్ళా? ఎప్పుడు మానేశారు?
– రిటైర్డ్ టీచర్, తెనాలి

కొట్టేవాళ్ళు మాస్టారూ, గట్టిగానే కొట్టేవాళ్ళు. కోదండం, గోడకుర్చీ, తొడపాశం అక్కడ నేను చూడలేదు గానీ వాళ్ళకీ వాళ్ళ సరంజామా ఉండేది. ఇంగ్లండ్‌లో పేం బెత్తం, ఆ పేము కూడా ఆ దేశంలో పెరిగేది కాదు, ఆగ్నేయాసియా అడవుల నుంచి దిగుమతి. అరచేతి మీదో వెనకాలో వేసేవాళ్ళు, గట్టి తప్పైతే ఆరు దెబ్బలు. దీనికో రిజిస్టర్ కూడా ఉండేది, పనిష్‌మెంట్ బుక్ అని, తేదీ, పిల్లాడి పేరు, తప్పేంటి, ఎన్ని దెబ్బలు, అన్నీ అందులో రాయాలి. రిజిస్టర్‌కి ఎక్కనివి వేరే. డస్టర్ విసరడం, రూలర్‌తో వేళ్ళ కణుపుల మీద కొట్టడం, పి.ఇ.కి, అంటే ఆటల పీరియడ్‌కి వేసుకునే రబ్బరు అడుగు కాన్వాస్ బూటు తీసి వంగోబెట్టి వెయ్యడం. లాంకషైర్‌లో వాటిని పంప్స్ అంటారు, మా పి.ఇ. సార్ డ్రాయర్‌లో పెద్ద సైజుది ఒంటరిగా ఒకటి ఉండేది, రెండోది ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

స్కాట్లండ్‌లో బెత్తం కాదు, తోలుపట్టీ. చివర రెండో మూడో చీలికలు ఉంటాయి. పిల్లలు దాన్ని బెల్ట్ అనేవాళ్ళు. ఒక చెయ్యి కింద ఇంకో చెయ్యి పెట్టి అరచేతులు పైకి చాపాలి. ఫైఫ్ ప్రాంతంలో లాక్‌గెల్లీ అనే ఊళ్ళో గుర్రపు జీన్లు కుట్టే దుకాణం వీటికి ఎంత ఫేమస్ అంటే తోలుపట్టీకే ఆ ఊరి పేరొచ్చేసింది. పల్చనిది, మధ్యరకం, మందం అని రకాలుండేవి, టీచర్లు డబ్బులు పెట్టి కొనుక్కునేవాళ్ళు!

పిల్లలు నోరుమూసుకుని పడున్నారనుకోకండి. 1911 సెప్టెంబర్‌లో వేల్స్‌లో లనెల్లీ అనే ఊళ్ళో ఒక బడి పిల్లలు స్ట్రైక్ చేసి వీధిలోకొచ్చారు, అది దేశమంతా పాకి అరవైకి పైగా ఊళ్ళలో పిల్లలు బళ్ళు ఎగ్గొట్టి ఊరేగింపులు తీశారు. వాళ్ళ డిమాండ్లలో బెత్తం వద్దు అన్నది ఒకటి. ఏమీ జరగలేదు, తిరిగొచ్చిన వాళ్ళకి అదే బెత్తంతో పడ్డాయి.

చివరికి కదిలించింది ఇద్దరు స్కాట్లండ్ తల్లులు. అందులో ఒకావిడ కొడుకు 1976లో స్కూల్ నుంచి ఇంటికెళ్ళడానికి వెళ్ళకూడదన్న శ్మశానం దారిన అడ్డంగా పోబోయాడట, దానికి బెల్ట్ అన్నారు, తండ్రి చెప్పాడని ఆ అబ్బాయి చెయ్యి చాపలేదు, సస్పెండ్ చేశారు, మళ్ళీ ఆ బడి మొహం చూడలేదు. తల్లులు యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకెళ్ళారు. 1982 ఫిబ్రవరిలో తీర్పొచ్చింది, పిల్లల్ని కొట్టకూడదన్నది తల్లిదండ్రుల నమ్మకమైతే ప్రభుత్వం దాన్ని గౌరవించాల్సిందే అని. లండన్ లోపలి బడులు అప్పటికే మానేశాయి, ప్రైమరీలో 1973లో, హైస్కూళ్ళలో 1981లో. దేశం మొత్తానికి చట్టం మాత్రం 1986 జులై 22న పార్లమెంటులో ఓటుకొచ్చింది. ఫలితం 231కి 230. ఒక్క ఓటు మాస్టారూ! మర్నాడు రాణిగారి కొడుకు ప్రిన్స్ ఆండ్రూ పెళ్ళి, ఆ హడావిడి ట్రాఫిక్‌లో ఇరుక్కుని బెత్తం ఉండాలనే ఎంపీలు కొందరు టైముకి చేరుకోలేకపోయారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1987 ఆగస్ట్ 15 నుంచి అమల్లోకి వచ్చింది, మన స్వాతంత్ర్య దినం రోజే, అది యాదృచ్ఛికమే అనుకోండి. ఫీజులు కట్టే ప్రైవేటు బడులకి ఇంకా టైమిచ్చారు, ఇంగ్లండ్, వేల్స్‌లో 1999, స్కాట్లండ్‌లో 2000, ఉత్తర ఐర్లండ్‌లో 2003. అంటే డబ్బున్న వాళ్ళ పిల్లలే ఎక్కువ కాలం తిన్నారు.

మేడమ్, ఆడపిల్లల్ని కూడా కొట్టేవాళ్ళా? మీకేమైనా పడ్డాయా? సారీ, అడగొచ్చో లేదో.
– డిగ్రీ స్టూడెంట్, వరంగల్

అడగొచ్చు బాబూ. ఆడపిల్లలకి బెత్తం తక్కువ, అసలు లేకపోలేదు. మాకు ఎక్కువగా లైన్స్, అంటే “నేను క్లాసులో మాట్లాడను” అని వందసార్లు రాయడం, లేదా సాయంత్రం బడయ్యాక ఉండిపోవడం. నాకు దెబ్బలు పడలేదు. నా శిక్షంతా డైనింగ్ హాల్లో.

ప్లేట్‌లో పెట్టింది ఖాళీ చేసేదాకా లేవకూడదు, అది రూలు. యుద్ధకాలం రేషన్ చూసిన తరం కదా, తిండి వదిలేయడం అంటే వాళ్ళకి పాపం కింద లెక్క. మేం శాకాహారులం. మొదట్లో డిన్నర్ లేడీకి, అంటే మధ్యాహ్నం భోజనం వడ్డించే ఆవిడకి, అది చెప్తే “మాంసం పక్కకి తీసి మిగతాది తిను లవ్” అనేది, మంచి మనిషే, లాంకషైర్ వాళ్ళు అందర్నీ లవ్ అనే పిలుస్తారు. కానీ మిగతాది ఏముంది, ఐస్‌క్రీమ్ తీసే గరిటెతో ముద్దగా పెట్టిన, ఉడికించి మెదిపిన బంగాళాదుంప, దాని చుట్టూ మాంసం గ్రేవీ చెరువు కట్టి ఉండేది, నేను పైనుంచి గ్రేవీ తగలని భాగం చెంచాతో గీరుకుని తినేదాన్ని, గ్రేవీ మెల్లగా పైకి పీల్చుకుంటూ వచ్చేది, నేను గబగబా తినాలి. తర్వాత ఉడికీ ఉడకని వాసనొచ్చే క్యాబేజీ. చుట్టూ అందరూ ఆటకి వెళ్ళిపోతే, కుర్చీలు తిరగేసి బల్లల మీద పెట్టేస్తుంటే, నేను ఒక్కదాన్నీ నా ప్లేటూ. బెల్ కొడితేనే విముక్తి. ఆఖర్న సెమొలీనా అని బొంబాయి రవ్వ పాలల్లో ఉడకేసి మధ్యలో ఎర్ర జామ్ చుక్క వేసిచ్చేవాళ్ళు, అదొక్కటి మాత్రం నేను ఎగబడి తినేదాన్ని, మా క్లాసులో అదంటే ఇష్టమున్న ఏకైక ప్రాణిని నేనే, మిగతావాళ్ళు వాళ్ళవి కూడా నాకు తోసేవాళ్ళు.

అమ్మకి తెలిసి గొడవ చేసింది, నాన్న హాస్పిటల్ లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాశారు. ఆ రోజు నుంచి స్కూలైపోయేదాకా రోజూ నాకొక గుప్పెడు తురిమిన చీజ్. ఇప్పటికీ తురిమిన చీజ్ చూస్తే కడుపులో తిప్పుతుంది.

మేడమ్, మా మావగారు “దండం దశగుణం భవేత్” అంటారు, సరే మనవాళ్ళ సంగతి తెలిసిందే. కానీ మా పక్కింటి తెల్లాయన, డెబ్బై దాటాయి, ఆయన కూడా “మేమంతా బెత్తం దెబ్బలు తినే బాగుపడ్డాం, ఇప్పటి పిల్లలకి భయం లేదు” అంటాడు. ఇద్దరూ ఫెన్స్‌కి అటూ ఇటూ నిలబడి ఏకమైపోయారు. మా బాబుకి తొమ్మిదేళ్ళు. వీళ్ళకి ఏం చెప్పాలి?
– ఒక తల్లి, మిల్టన్ కీన్స్

మీ మావగారికి ఇంగ్లండ్‌లో ఇంత మంచి స్నేహం దొరికినందుకు సంతోషించండి ముందు.

బాగుపడ్డవాళ్ళే ఫెన్స్ దగ్గర నిలబడి ఈ మాట చెప్తారు. పడనివాళ్ళు చెప్పరు కదా. నేను ఒకసారి కౌంటీ ఆర్కైవ్‌లో పాత పనిష్‌మెంట్ బుక్ ఒకటి తిరగేశాను. “మాట్లాడుట”, “ఆలస్యము”, “ఎదురు చెప్పుట”, “ఎదురు చెప్పుట”, మళ్ళీ “మాట్లాడుట”, తప్పులు ఇవే, పేర్లు కూడా అవే. ఈ వారం పడ్డవాడికే వచ్చే వారం, వచ్చే నెల, వచ్చే ఏడు. బెత్తం పనిచేసేదైతే పేర్లు మారాలి కదా?

ఇంకోటి నాకెప్పుడూ గుర్తొచ్చేది ట్రిప్పు. మా పి.ఇ. సారు, ఆ ఒంటరి బూటు డ్రాయర్ ఆయన, ఏటా మమ్మల్ని యార్క్‌షైర్ డేల్స్ కొండలకి తీసుకెళ్ళేవాడు. బస్సు కదిలిన పావుగంటకే ఎవరో ఒకరు కక్కేవాళ్ళు, ముందు సీటు కింద దానికోసం ఒక బకెట్ రెడీగా ఉండేది, కిటికీలు తీస్తే చలి, మూస్తే గుడ్డు శాండ్విచ్‌ల కంపు, వెనక సీట్లో పాటలు. రాత్రి యూత్ హాస్టల్లో బస. అక్కడ పొద్దున్నే ప్రతివాళ్ళకీ ఒక పని ఇస్తారు, గిన్నెలు తోమడమో, మెట్లు ఊడ్చడమో, బంగాళాదుంపలు చెక్కు తీయడమో, అది చేస్తేనే బయటికి పోనిచ్చేది. తర్వాత మాల్హమ్ కోవ్, ఎనభై మీటర్ల సున్నపురాయి గోడ నిలువుగా ఉంటుంది, దాని పైకెక్కితే రాయంతా పలకలు పలకలుగా చీలి ఉంటుంది, ఆ చీలికల్లో కాలు పడితే విరగడమే. నలభై మంది పిల్లలు, వాన, జారుడు రాళ్ళు, ఇద్దరే టీచర్లు. అక్కడ బూటూ లేదు బెత్తమూ లేదు. కానీ ఒక్కళ్ళు గీత దాటేవాళ్ళు కాదు.

మా క్లాసులో అందరికంటే ఎక్కువ దెబ్బలు తిన్న ఒకబ్బాయి ఉండేవాడు. సార్ వాడి మెడలో విజిల్ వేసి, అందరికంటే వెనక నువ్వు నడవాలి, నీ వెనక ఎవరూ మిగలకూడదు, ఎవరికైనా ఏమైనా అయితే విజిల్ వెయ్యి అని చెప్పాడు. వాడు ఆ రోజంతా గొర్రెల కాపరిలా మమ్మల్ని తోలాడు. నా బూటు లేసు ఊడితే ముడేసేదాకా నా పక్కన నిలబడ్డాడు, ఒక్క వెక్కిరింపు మాట లేదు. సార్ కూడా వేరే మనిషి, ఫ్లాస్క్‌లో టీ మూతలో పోసి పంచేవాడు, ఏ పిట్ట ఏం కూస్తుందో చెప్పేవాడు. మళ్ళీ సోమవారం వచ్చింది, ప్రేయర్‌లో మాట్లాడినందుకు అదే సారు అదే అబ్బాయిని వంగోబెట్టి వేశాడు. ఇద్దరికీ అందులో వింతేమీ కనిపించలేదు, నాకే కనిపించింది.

మీ పక్కింటాయన్ని ఒకటి అడగండి, ఆయనకి చిన్నప్పుడు ఇష్టమైన టీచర్ ఎవరని. కొట్టిన టీచర్ పేరు చెప్తాడా, ఎక్కడికైనా తీసుకెళ్ళిన టీచర్ పేరు చెప్తాడా చూడండి. మావగారిని కూడా అడగండి. మన దగ్గర కూడా విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం 2010 నుంచి పిల్లల్ని కొట్టడం నేరుగా నిషేధం అని చెప్పి చూడండి, అయినా దశగుణం అంటారనుకోండి.

అమ్మా, మా నాన్నగారు రంగూన్‌లో బియ్యం మిల్లులో పనికి కాకినాడ నుంచి బి.ఐ. కంపెనీ స్టీమర్ మీద వెళ్ళేవారు, డెక్ టికెట్. మీరు పోయినసారి బి.ఐ. ఓడల మీద ఇంగ్లీషు బడిపిల్లలు విహారానికి వెళ్ళేవారని రాశారు. అదే కంపెనీయా?
– ఒక పెద్దాయన, కాకినాడ

అదేనండీ. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. 1856లో కలకత్తా–బర్మా మధ్య తిప్పడానికి పుట్టింది, తర్వాత మన తీరమంతా దానిదే, మీ నాన్నగారి లాంటి వేలమంది దాని డెక్కు మీదే రంగూన్ చేరారు. దేశాలు స్వతంత్రమయ్యాక, విమానాలొచ్చాక వాళ్ళకి ప్రయాణికులు తగ్గిపోయారు. ఖాళీ ఓడల్ని ఏం చెయ్యాలి? అరవైల్లో వాటిని బ్రిటన్ స్కూళ్ళకి తిప్పడం మొదలెట్టారు. ఒకప్పుడు సైనికుల్ని మోసిన డునేరా, డెవోనియా, నెవాసా, తూర్పు ఆఫ్రికాకి తిరిగిన ఉగాండా. పిల్లలకి కింద వరసలు వరసలుగా బంకు పడకలు, ఓడలోనే క్లాస్‌రూములు, రేపు దిగబోయే ఊరి గురించి ఇవాళ పాఠం. నేపుల్స్‌లో దిగి పాంపే శిథిలాలు, తర్వాత గ్రీసు, ఈజిప్టు. మా స్కూల్ నుంచి పై క్లాసు వాళ్ళు కొందరు వెళ్ళారు, నేను అడిగితే నాన్న “ఆ డబ్బుతో ఇండియా టికెట్ వస్తుంది” అన్నారు, అక్కడితో ఆ సంగతి ముగిసింది.

అసలు కథ 1982 ఏప్రిల్‌ది. ఉగాండా ఓడ దాదాపు 940 మంది బడిపిల్లలతో అలెగ్జాండ్రియాలో ఉంది. ఫాక్లండ్స్ దీవుల కోసం బ్రిటన్‌కీ అర్జెంటీనాకీ యుద్ధం వచ్చిపడింది, ప్రభుత్వం ఆ ఓడ మాకు కావాలంది. పిల్లల్ని నేపుల్స్‌లో దింపి ఇళ్ళకి పంపేశారు, ఓడని జిబ్రాల్టర్ తీసుకెళ్ళి కొద్ది రోజుల్లో హాస్పిటల్ షిప్ చేసేశారు, హెలికాప్టర్ దిగడానికి వేదిక కట్టారు, తెల్లరంగు మీద ఎర్ర శిలువలు వేశారు. పిల్లలు పడుకున్న బంకుల్లో గాయపడ్డ సైనికులు పడుకున్నారు, ఏడొందలమందికి పైగా వైద్యం జరిగింది, అందులో అర్జెంటీనా వాళ్ళు కూడా. యుద్ధం అయ్యాక మళ్ళీ కొన్నాళ్ళు పిల్లల్ని తిప్పింది కూడా. 1986లో తైవాన్‌కి తుక్కు కింద అమ్మేశారు.

మీ నాన్నగారు ఎక్కిన స్టీమర్ పేరు గుర్తుంటే రాయండి, దాని గురించి దొరికితే వెతికి పెడతాను.

మేడమ్, నా స్కూల్లో తెలుగులో మాట్లాడితే ఫైన్ వేసేవాళ్ళు. బ్రిటన్‌లో కూడా ఇలాంటిది ఉండేదని ఫ్రెండ్ అన్నాడు, నిజమా?
– బీటెక్ విద్యార్థిని, హైదరాబాద్

నిజం, వేల్స్‌లో, 19వ శతాబ్దంలో. వెల్ష్‌లో (అంటే వాళ్ళ సొంత భాషలో) మాట్లాడుతూ దొరికిన పిల్లల మెడలో ఒక చెక్కముక్క తాడుకి కట్టి వేసేవాళ్ళు, దానిమీద డబ్ల్యూ.ఎన్., అంటే ‘వెల్ష్ నాట్’, వెల్ష్ వద్దు అని చెక్కి ఉండేది. దీనిలో ఉన్న కుట్ర ఏంటంటే, వాడు ఇంకెవరైనా వెల్ష్ మాట్లాడితే పట్టిచ్చి ఆ చెక్క వాళ్ళ మెడలో వేయొచ్చు. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాళ్ళకి దెబ్బలు. టీచర్ చేసేదేమీ లేదు, పిల్లలే పోలీసులు. ఇది లండన్ ఆర్డరు కాదు, ఊళ్ళ బడులు వాటంతటవి పెట్టుకున్నవి, చాలాచోట్ల తల్లిదండ్రులు కూడా సరే అన్నారు, ఇంగ్లీషొస్తే ఉద్యోగాలొస్తాయని. ఎక్కడో విన్నట్టుంది కదూ? 2009లో కడప జిల్లా మైదుకూరులో పిల్లల మెడలో “నేనెప్పుడూ తెలుగులో మాట్లాడను” అని ఇంగ్లీషులో పలకలు వేలాడదీసినప్పుడు పెద్ద రగడైంది, మీరప్పటికి చిన్నపిల్ల అయ్యుంటారు. వెల్ష్ ఇప్పుడు వేల్స్ బడుల్లో తప్పనిసరి సబ్జెక్టు, అదీ సంగతి.

మేడమ్, మా పాప ఇయర్ సిక్స్. స్కూల్ వాళ్ళు వారం రోజులు కొండల్లో క్యాంప్ అంటున్నారు, పడవలు నడిపిస్తారట. నా భార్య పంపనంటోంది. డబ్బులు కూడా బాగానే అడుగుతున్నారు. ఇవి సేఫేనా?
– ఒక తండ్రి, రెడింగ్

మీ ఆవిడ భయం ఊరికే కాదండి. 1971 నవంబర్‌లో ఎడిన్‌బరో నుంచి కెయిర్న్‌గార్మ్ కొండలకి వెళ్ళిన ఒక స్కూల్ బృందం మంచు తుఫానులో చిక్కి ఐదుగురు పిల్లలూ ఒక ట్రైనీ ఇన్‌స్ట్రక్టరూ చనిపోయారు. 1993 మార్చిలో లైమ్ బే దగ్గర సముద్రంలో కయాక్‌లనే చిన్న తెడ్డు పడవలు నడుపుతూ ప్లిమత్ పిల్లలు నలుగురు పోయారు, ఆ కంపెనీ మీద నరహత్య నేరం రుజువై దాని ఎం.డి. జైలుకెళ్ళాడు. మా రోజుల్లో ఇద్దరు టీచర్లు నలభై మందిని కొండెక్కించారని పైన మురిసిపోతూ రాశాను కదా, నిజానికి ఏమీ కాకపోవడం మా అదృష్టం.

ఆ చావుల తర్వాతే 1995లో చట్టం వచ్చింది. డబ్బు తీసుకుని పిల్లలతో కొండలెక్కించే, కయాక్‌లు నడిపించే సెంటర్లని తనిఖీ చేయడం దాంతో మొదలైంది. కాబట్టి స్కూల్‌ని మూడు అడగండి: తీసుకెళ్ళే సెంటర్‌కి ఇప్పుడున్న రూల్స్ ప్రకారం కావాల్సిన అనుమతులు ఉన్నాయా, రిస్క్ అసెస్‌మెంట్ చూపిస్తారా, ఎంతమంది పిల్లలకి ఒక పెద్దవాళ్ళు. సిగ్గుపడకండి, రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు వాళ్ళని.

డబ్బు సంగతి. స్కూల్ టైములో జరిగే ట్రిప్పుకి గవర్నమెంట్ స్కూలు మిమ్మల్ని తప్పనిసరిగా కట్టమనకూడదు, ఇష్టపూర్వక విరాళం అని అడగొచ్చు అంతే, మీరు కట్టలేదని పాపని ఆపకూడదు. కానీ ఎక్కువమంది కట్టకపోతే ట్రిప్పే రద్దవుతుంది. రాత్రి బస, భోజనం ఖర్చు మాత్రం వసూలు చేయొచ్చు, కొన్ని ప్రభుత్వ సాయాలు అందుకునే కుటుంబాలకి అదీ ఉండదు. ఒకేసారి కష్టమైతే వాయిదాల్లో కడతామని ఆఫీసులో చెప్పండి, చాలా స్కూళ్ళు ఒప్పుకుంటాయి.

ఇక సామాను. రబ్బరు బూట్లు వాళ్ళ లిస్టులో రాసి లేకపోయినా పెట్టండి. సాక్సులు వాళ్ళు చెప్పినదానికి రెట్టింపు. ప్రతి దాని మీదా పేరు రాయండి, లోపలి బట్టలతో సహా. శాకాహారమైతే ఫారంలో టిక్ పెట్టి ఊరుకోకండి, ఫోన్ చేసి ఏం పెడతారో కనుక్కోండి, చీజ్ అంటే ఇంకేమైనా ఉందా అని అడగండి.